నెత్తురులో లేని ముక్క

రెండువేల పదకొండు వానాకాలమంతా నా పని ఊరూరా తిరిగి మనుషుల నెత్తురు తీయడం. జనగామలో మా నాయినది చింతపండు, ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి పోవడం నాతోనే మొదలు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, రెండేళ్ళు ఒక ప్రైవేటు దవాఖానలో కఫం, మూత్రం పరీక్షలు చేసి విసిగిపోయి ఉన్నాను. హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థవాళ్ళు వరంగల్ జిల్లాలో తిరగడానికి మనిషి కావాలంటే వెంటనే ఒప్పుకున్నాను. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లాలో ఉండేవి.

మా పైన ఒక డాక్టరు ఉండేది. మేడం అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. ఆమె ముందు మాట్లాడేటప్పుడు నా మాటలు నాకే వేరుగా వినిపించేవి. సీసాలో ద్రవం మసకబారితే నేను "మబ్బుగైంది మేడం" అన్నాను ఒకసారి. ఆమె నవ్వింది. నాకు చురుక్కుమంది. రెండు రోజుల తర్వాత ఆమే "ఇది మబ్బుగా ఉంది, పక్కన పెట్టు" అంటే మనసు కాస్త సర్దుకుంది.

మేం వెతికేదేమిటో మొదటి రోజే చెప్పింది. నెత్తురుకు ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ తయారు కావడానికి మనిషి ఒంట్లో జన్యువుల రాత ఉంటుంది. అందులో ఒక భాగానికి మామూలుగా నాలుగు ప్రతులుంటాయి, తల్లి నుంచి రెండు, తండ్రి నుంచి రెండు. కొందరికి ఆ నాలుగింటిలో ఒకటో రెండో అసలే ఉండవు.

"ఒక అక్షరం తప్పు పడటం కాదమ్మా. కాగితంలోంచి ముక్కకు ముక్క చిరిగిపోయినట్టు. అలాంటివాళ్ళకు రక్తం కాస్త తక్కువగా ఉంటుంది. మామూలుగా అయితే అలాంటి లోపం తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవాలి. కానీ మలేరియా ఉన్న అడవుల్లో వాళ్ళే ఎక్కువ. జ్వరం వచ్చినప్పుడు ముక్క ఉన్నవాళ్ళు ఎక్కువగా పోయారు, లేనివాళ్ళు మిగిలారు."

మిగిలారు అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. కొందరు మిగిలారంటే కొందరు పోయారనే కదా. ఎన్ని గుడిసెల్లో, ఎన్ని వానాకాలాల్లో, ఎంతమంది పసిపిల్లలు పోతే ఈ ముక్క లేకపోవడం ఒక గుణంగా నిలబడి ఉంటుంది? ఆ ప్రశ్న మేడంను అడగలేదు.

ముందు మా బజారుతోనే మొదలుపెట్టాం. అడవి జనంతో పోల్చి చూడటానికి ఊళ్ళలోని వ్యాపారుల నెత్తురు కూడా కావాలన్నారు. అమ్మ గడపలో అడ్డంగా నిలబడింది.

"మన నెత్తురు సీసాలల్ల వోసి ఎవలకో ఇస్తవా? రేపు నీ సంబంధానికి వచ్చినోల్లు, గీల్లింట్ల ఏం రోగమున్నదని అడిగితే ఏం జెప్పాలె?"

నాయిన చొక్కా చేయి మడిచి కుర్చీలో కూర్చున్నాడు. ఆయనను చూసి వీధిలో మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అందులో బట్టల దుకాణం పెద్దాయన సూది గుచ్చుతుంటే తనంతట తానే చెప్పాడు.

"మా అక్కకు కడుపుల ఆపరేషనప్పుడు మత్తుసూది ఇచ్చిండ్రు బిడ్డా. ఆపరేషన్ మంచిగనే అయింది. గని మల్ల ఊపిరి అందుకోలే. మా మేనత్తకు గూడ గట్లనే అయిందట."

రాసుకుంటున్న మేడం పెన్ను ఆగిపోయింది. ఇంకెవరైనా ఉన్నారా అని రెండు మూడు సార్లు గుచ్చి అడిగింది. జీపెక్కిన తర్వాత నాతో అంది: "మీ వైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక మందు ఒంట్లో త్వరగా అరగదు, మళ్ళీ ఊపిరి అందుకోవడం కష్టమవుతుంది. అది డాక్టర్లకు తెలిసిన సంగతే. మత్తు డాక్టరుకు ముందే చెబితే చాలు, వేరే మందు ఇస్తారు. మనం వెతికే ముక్క వేరు. కానీ చూశావా, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న ఒక్కో జనం ఒక్కోదాన్ని మోసుకొస్తున్నారు, తెలియకుండానే."

ముందే చెబితే చాలు. పెద్దాయన అక్కకు ఎవరూ ముందే చెప్పలేదు. జీపు కిటికీలోంచి మా బజారును చూస్తుంటే, రోజూ చూసే ముఖాలే అయినా ఒక్కొక్కరి లోపల ఏముందో అని మొదటిసారి భయమేసింది.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడ రైల్వేస్టేషన్ వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఊళ్ళలో తీసిన నెత్తురును అక్కడే రెండోసారి పరీక్షించేవాళ్ళం. ముక్క ఉందా లేదా అన్నది అక్కడ తేలదు, దానికి సీసాలు హైదరాబాదు పోవాలి, నెలలు పడుతుంది. కానీ ఇంకో సంగతి తేలుతుంది. అదే కొడవలి కణాల జబ్బు, సికిల్ సెల్. మలేరియా వల్లే అడవి మనుషుల్లో నిలబడిన రెండో గుణం అది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ఏ బాధా ఉండదు, పైగా జ్వరం నుంచి కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఎర్రకణాలు కొడవళ్ళలా వంకరపోయి సన్నని నరాల్లో ఇరుక్కుంటాయి. కీళ్ళ నొప్పులు, పచ్చకామెర్ల రంగు కళ్ళు, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం.

దానికి మొదటి పరీక్ష ఊళ్ళోనే అయిపోతుంది. చిన్న సీసాలో మందునీళ్ళు పోసి ఒక చుక్క నెత్తురు వేస్తాం. వెనక గీతల కాగితం పెడతాం. అయిదు నిమిషాలకు గీతలు కనబడితే ఏమీ లేనట్టు. ద్రవం మబ్బుగా మారి గీతలు కనబడకపోతే ఆ గుణం ఉన్నట్టు. ఒకటుందా రెండున్నాయా అన్నది మానుకోట గదిలో తేలుతుంది.

రెండో వారంలోనే నేనొక తప్పు చేశాను. మానుకోటకు దగ్గరి ఊళ్ళో ఒక పిల్ల, నిశ్చితార్థం అయి ఉంది, తన సీసా వైపే చూస్తూ కూర్చుంది. అది మబ్బుగా మారగానే, "ఏమైందక్కా?" అని అడిగింది. నేను చెప్పేశాను. నీ నెత్తురుల కొడవలి గుణమున్నది, ఇంకో పరీక్ష చెయ్యాలె అని. మేం జీపులో సామాను సర్దుకునేలోపే మాట ఊరు దాటింది. సాయంత్రానికి పిల్లగాని తరఫువాళ్ళు సంబంధం వద్దన్నారు. నాలుగు రోజులకు తేలింది ఆమెకు ఒక్కటే ఉందని, ఏ జబ్బూ లేదని. అప్పుడు మేడమే స్వయంగా పోయి చెప్పింది. వాళ్ళు వినలేదు.

మేడం నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నీ నోటిమాట రిపోర్టు కాదు. రెండో పరీక్ష కాకుండా, డాక్టరు పక్కన లేకుండా, ఇకమీద ఎవరికీ ఒక్క ముక్క కూడా చెప్పకు. ఒట్టేస్తావా?"

వేశాను. ఆ ఒట్టును నేను బాగా నిలబెట్టుకున్నాను.

ఆగస్టు చివర భూపాలపల్లి వైపు పోయాం. మా జీపు డ్రైవరన్నది అక్కడి ఘనపూరే. ఆయనే దారి చూపించి, ఘనపూర్ దాటి అడవిలోకి ఉన్న ఒక కోయగూడేనికి తీసుకుపోయాడు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వదిలి లోపలికి పోయేకొద్దీ నేల నల్లదనం తగ్గి ఎరుపైంది. గూడెంలో అందరూ ఒక పాక ముందు గుమిగూడి ఉన్నారు. తెల్లటి పంచె కట్టుకున్న ఒక ముసలాయన ముందుకొచ్చాడు. అందరూ ఆయనను బాపు అంటున్నారు.

"ఏడికెల్లి వచ్చిండ్రు?"

డ్రైవరన్న చెప్పాడు. ముసలాయన మేడం మాట తీరు విని తల అటూ ఇటూ ఊపాడు.

"నీళ్ళు వోయినయి. బొగ్గు వోతనే ఉన్నది. ఇగ నెత్తురు గూడ తీస్కపోతరా?"

ఎవరూ నవ్వలేదు. మేడం ముఖం ఎర్రబడింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో ఏ ఊరు పోయినా గోడల మీద ఆ మాటలే ఉండేవి. నాకూ అవి నచ్చేవి. కానీ చేతిలో సూదులూ సీసాలూ పట్టుకుని వింటుంటే, నేనెవరి వైపున నిలబడి ఉన్నానో నాకే అర్థం కాలేదు. చివరకు మా మాటలో నేనే చెప్పాను.

"తీస్కపోయినా మల్ల తెచ్చి చెప్తం బాపు. ఎవలకేమున్నదో చెప్పుడే మా పని."

ఆయన నా వైపు తిరిగాడు. "మల్ల వచ్చి చెప్తవా?" అన్నాడు.

"చెప్త."

అప్పుడు తన ఇద్దరు బిడ్డలను ముందుకు పిలిచాడు. పెద్దామెకు ముప్పై ఉంటాయి. సన్నగా, పాలిపోయి ఉంది. చిన్నామెకు ఇరవై రెండో ఇరవై మూడో. ఆరో నెల కడుపుతో ఉంది. పుష్టిగా, గట్టిగా నవ్వే మనిషి. పెద్దామె చేయి పట్టుకుంటే నరం దొరకడానికి చాలాసేపు పట్టింది.

"నాకు నెత్తురెక్కడిది సిస్టరూ? ఏండ్ల సంది ఎర్రగోలీలు మింగుతున్న. ఎక్కదు," అంది పెద్దామె. చెల్లెలి వైపు చూపించి, "గీమెకున్నది సూడు. గీమె దగ్గర తీసుకో. నేను గిట్ల ఏం లేకుంట పుట్టిన, ఇది అన్ని ఉండి పుట్టింది."

చెల్లెలు నవ్వి చేయి చాపింది. "చలికాలం వస్తే మాత్రం కీళ్ళు గుంజుతయి నాకు. అక్కకు గంత గుంజయి," అంది.

ఇద్దరి సీసాలూ పక్కపక్కనే పెట్టాను. అయిదు నిమిషాలు కూడా కాలేదు. రెండింటి వెనకా గీతలు మాయమైపోయాయి. చిన్నామె భర్త సీసా తేటగా ఉండిపోయింది. చిన్నామె పొట్ట మీద చేయి పెట్టుకుని, "మాది ఎట్లున్నది సిస్టరూ?" అని అడిగింది. నిశ్చితార్థం చెడిన ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది. "ఇంకా తేలలే," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

మేడం వాళ్ళిద్దరి కంటిరెప్పలూ వేలితో పైకెత్తి చూసింది. "ఇద్దరిలోనూ రెండేసి ఉంటే, ఆ కడుపుతో ఉన్న అమ్మాయిని కాన్పు దాకా కనిపెట్టి ఉండాలి. పరీక్ష త్వరగా చెయ్యి. తేలగానే మనం మళ్ళీ వద్దాం," అంది ఘనపూర్ వచ్చాక.

మానుకోట గదిలో హిమోగ్లోబిన్ రకాలను గీతలుగా విడదీసే మిషను ఉండేది. గూడ్సుబండ్లు పోయినప్పుడల్లా బల్ల వణికి పరీక్ష గీతలు మసకగా వచ్చేవి. డోర్నకల్ వైపు నుంచి వచ్చే బండి కూత వినగానే మిషను ఆపేసేదాన్ని. ఆ వారం రైల్‌రోకో జరిగింది. రోజంతా ఒక్క బండి రాలేదు. పట్టాల మీద జనం కూర్చుని పాటలు పాడుతుంటే, నా గదిలో బల్ల కదలకుండా ఉంది. అక్కాచెల్లెళ్ళ నెత్తురు ఆ రోజే పెట్టాను. అంత స్పష్టమైన గీతలు నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇద్దరికీ రెండేసి. ఇద్దరికీ జబ్బు.

మేడంకు ఫోన్ చేశాను. వచ్చే వారం పోదామంది. ఇద్దరి పేర్లూ ఫలితమూ రాసిన కాగితం నా సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాతి వారమే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఆఫీసులు, బడులు మూతపడ్డాయి. ఇవాళో రేపో ఆగుతుందనుకున్నాం, ఆగలేదు. మేడంను సంస్థవాళ్ళు హైదరాబాదు దాటి పోవద్దన్నారు. కోస్తా మనిషి కదా, దారిలో ఏమైనా అవుతుందేమోనని వాళ్ళ భయం. నేను జనగామ వచ్చేశాను.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. ఆ రోజులు నాకు సంతోషంగా గడిచాయి. బజారు మధ్యలో వేసిన గుడారం కింద మా వీధి ఆడవాళ్ళతో కలిసి కూర్చున్నాను. గడప దాటని మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే తిండి. చిన్నప్పటి నుంచి సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తుంటే నవ్వి ఊరుకున్న నేను, మైకులో అదే మాటతో అరిచాను. బతుకమ్మ రోజులొచ్చాయి. తంగేడు పూలు తెచ్చి గుడారం ముందే ఆడాం. సంచి ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది. దాని వైపు చూసినప్పుడల్లా, రిపోర్టు ఉంది గానీ డాక్టరు పక్కన లేదు కదా అనుకునేదాన్ని. బస్సులు లేవు కదా అనుకునేదాన్ని. రెండూ నిజమే. కానీ డ్రైవరన్న ఘనపూర్‌లోనే ఉన్నాడు. ఆయన దగ్గర ఫోన్ ఉంది. నేనొక్క ఫోన్ చేసి, ఆ పిల్లకు జ్వరమో నొప్పులో వస్తే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకపోండి అంటే సరిపోయేది. అది నాకు తట్టింది కూడా. ఒకటికి రెండుసార్లు తట్టింది. చేయలేదు.

సమ్మె మొదలై మూడు వారాలు దాటాక ఒక పొద్దున డ్రైవరన్నే ఫోన్ చేశాడు.

"చెల్లే, గూడెంల గా కడుపుతోటున్న పిల్ల లేదా? మూడొద్దుల సంది ఒళ్ళంత నొప్పులని ఒర్రుతున్నదట. ఊరి డాక్టరు సూదులిచ్చిండట, తగ్గలే. ఇప్పుడు దమ్ము వస్తున్నది. జీపుల ఏసుకుని భూపాలపల్లి దవాఖానకు తెచ్చిన. డాక్టరు ఏమైందో అడుగుతున్నడు. నాకేం దెలుసు?"

నా చేతిలో పూలు ఉన్నాయి. వాటిని అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. మేకుకున్న సంచి అందుకుని, కాగితం తీసి, ఫోన్‌లో డాక్టరుకు చదివి వినిపించాను.

"ఇది ఎప్పటి రిపోర్టు?" అన్నాడు.

చెప్పాను.

"ఊపిరితిత్తుల్లో పట్టేసినట్టున్నది. నెత్తురెక్కియ్యాలె, ఇక్కడ లేదు. ఆక్సిజన్ పెట్టి వరంగల్ పంపుతున్న," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. తొందర మాత్రమే ఉంది.

వరంగల్ పోవడానికి నాకు ఒక పాలవ్యాను దొరికింది. డబ్బాల మధ్య కూర్చున్నాను. దారిలో ఒకచోట రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టేసి ఉంది. దాని పక్కన పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. దవాఖానకు పోతున్నానని చెప్పగానే పది మంది లేచి కొమ్మలు పట్టి ఈడ్చారు. పొయ్యి దగ్గర కూర్చున్న ఒక అవ్వ నా ముఖం చూసి, "ఎవలకు బిడ్డా? మీవోల్లకేనా?" అని అడిగింది. అవునన్నాను. "పో పో, దేవుడున్నడు," అంది. ఆమె మాట నాకు ధైర్యం ఇవ్వలేదు. ఎక్కడా ఆలస్యం కాలేదు, ఎవరూ ఆపలేదు. ఆలస్యమంతా నా సంచిలోనే జరిగిందని ఆ దారి పొడుగునా తెలుస్తూనే ఉంది.

నేను చేరేసరికి చిన్నామెకు నెత్తురు ఎక్కుతోంది. ముక్కుకు గొట్టం. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పెద్దామె మంచం పట్టెను పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "వచ్చినవా?" అంది అంతే. చిన్నామె నన్ను గుర్తుపట్టింది. ఏదో అనబోయింది, ఊపిరి చాలలేదు. నేను ఆమె పాదం మీద చేయి వేశాను. చల్లగా ఉంది.

డాక్టర్లు సమ్మెలో ఉన్నా ఆ వార్డు వదిలి పోలేదు. చేయగలిగిందంతా చేశారు. మరునాడు మధ్యాహ్నం నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది, కానీ ఏడ్చింది. ఆ ఏడుపును తల్లి విన్నదో లేదో తెలియదు. ఆ తర్వాతి రోజు పొద్దున ఆమె చనిపోయింది.

వరండాలో బాపు గోడకానుకుని కూర్చున్నాడు. నేను ఆయన ముందు కూర్చున్నాను. తల ఎత్తి అడిగాడు.

"మీరు ముందుగాల్నే సూశిండ్రు గద సిస్టరూ?"

"సూశినం బాపు."

"మల్ల వచ్చి చెప్త అన్నవు."

ఒట్టు గురించి, సమ్మె గురించి, బస్సుల గురించి చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. జవాబు రాకపోయేసరికి తల తిప్పుకున్నాడు.

హైదరాబాదు నుంచి ఫలితాలు చలికాలంలో వచ్చాయి. అప్పటికి సమ్మె ఆగింది, బస్సులు తిరుగుతున్నాయి. మానుకోట గదికి మేడం తానే కాగితాలు పట్టుకొచ్చింది. ఆమె కూడా చిక్కిపోయింది. రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"చూడు. పెద్దామెకు నాలుగింటిలో రెండు లేవు. తల్లి వైపు ఒకటి, తండ్రి వైపు ఒకటి పోయాయి. చిన్నామెకు నాలుగూ ఉన్నాయి."

నాకు వెంటనే అర్థం కాలేదు. మేడం నెమ్మదిగా చెప్పింది. ముక్క లేకపోతే కణంలో హిమోగ్లోబిన్ పలచబడుతుంది. పలచబడితే కొడవలిలా వంగడం తగ్గుతుంది. జబ్బు ఇద్దరికీ ఒకటే. కానీ పెద్దామెకు ఆ లోపమే అడ్డుపడి ఉండొచ్చు.

"అదొక్కటే కారణమని చెప్పలేను. కడుపుతో ఉండటం ఉంది, ఆలస్యం ఉంది," అని ఆగింది. "ఆలస్యంలో నీకెంత భాగముందో నాకూ అంతే ఉంది."

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఎవరికి చిరిగిన కాగితం అందుతుందో, ఎవరికి నిండు కాగితం అందుతుందో, దానికి లెక్కా పత్రం లేదు. అడవి జ్వరానికి ఎన్నో తరాల కింద ఇచ్చుకున్న బలి ఇప్పుడు ఇంకో జబ్బు దగ్గర ఒకరిని కాపాడి ఒకరిని వదిలేసింది. అందులో న్యాయమేమీ నాకు కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

ఈసారి ఆలస్యం చేయలేదు. మరునాడే ఇద్దరం గూడేనికి పోయాం. పెద్దామె చెల్లెలి బిడ్డను ఒడిలో వేసుకుని ఎండలో కూర్చుని ఉంది. మేడం చెబుతుంటే నేను మా మాటలో మళ్ళీ చెప్పాను. పెద్దామె అంతా విన్నది.

"నాకు లేనిది గామెకున్నది. గందుకే గామె వోయింది, నేనున్న. గంతేనా?"

"గంతే అని చెప్పరాదక్కా. గది గూడ ఒక కారణం."

"చిన్నప్పటి సంది గామెను సూశి కుళ్ళుకున్న నేను," అంది. కళ్ళు తుడుచుకోలేదు. "దానికి అన్ని ఇచ్చి నాకేం ఇయ్యలే అని దేవుని తిట్టిన."

ఆమెకు కూడా జబ్బు ఉందని, నీళ్ళు బాగా తాగాలని, నొప్పి మొదలైతే అదే రోజు దవాఖానకు పోవాలని, చెల్లెలికి వచ్చినట్టే తనకూ రావచ్చని దాచకుండా చెప్పాను. ఆమె తలూపింది. తర్వాత ఒడిలోని పసిదాన్ని చూపించింది.

"మరి గీమెకు?"

తండ్రి సీసా తేటగా ఉంది కాబట్టి పిల్లకు ఒక్కటే వచ్చి ఉంటుందని మేడం చెప్పింది. ఒక్కటుంటే జబ్బు రాదని, మలేరియా వస్తే అదే కొంత కాపాడుతుందని, ఇంత చిన్నప్పుడు ఈ సీసా పరీక్షకు తేలదని, ఆరు నెలలు దాటాక చేయాలని అంది.

"ఒకటుంటే మంచిదేనా?" పెద్దామె పిల్లను గట్టిగా పొదువుకుంది. "ఏది మంచిదో, ఏది కాదో మీల ఎవలకన్న తెలుసా? అడవిల జరమొస్తే మంచిదంటరు. చలికాలం వస్తే పానం వోతదంటరు."

మేడం కాగితాలు మడిచి సంచిలో పెట్టింది.

వేసవి దాటాక నేనొక్కదాన్నే మళ్ళీ పోయి పిల్ల నెత్తురు తీసుకున్నాను. పెద్దామె తానే పిల్ల చేయి పట్టుకుంది. సీసా మబ్బుగా మారింది. మానుకోటలో చూస్తే ఒక్కటే ఉంది. అదే వారంలో పోయి చెప్పాను. బాపు పాకలోంచి బయటికి రాలేదు.

ఆ పరిశోధన ఇంకో ఏడాది సాగి ముగిసింది. రాష్ట్రం వచ్చింది. ఆ రోజు జనగామ బజారులో అందరితోపాటు నేనూ రంగులు చల్లుకున్నాను. జిల్లాలు విడిపోయాయి. నేను మానుకోటలో ఒక దవాఖాన ల్యాబులో కుదిరాను. ఎవరి సీసా మబ్బుగా మారినా ఆ రోజే వాళ్ళను లోపలికి పిలిచి, తలుపు వేసి, ఎవరికీ వినబడకుండా చెబుతున్నాను. ఒట్టు తప్పుతున్నానని మేడంకు ఫోన్ చేసి చెబితే, "ఫర్వాలేదు, తప్పు" అంది.

పెద్దామెతో ప్రతి చలికాలం మాట్లాడుతాను. ఫోన్ పిల్లే ఎత్తుతుంది, బడికి పోతోంది, గలగల మాట్లాడుతుంది. పోయిన చలికాలం పెద్దామె తుంటి నొప్పి మొదలైందని చెప్పింది. కూర్చుంటే లేవరావడం లేదట. ముందెప్పుడూ లేదు. దవాఖానకు పొమ్మన్నాను, పోయింది. ఎక్సరేలో తుంటి ఎముక అరిగిపోతున్నట్టు కనబడిందని, అదీ ఈ కొడవలి జబ్బు పనేనని అన్నారు. ముక్క లేకపోవడం ఇంకెంతకాలం కాపాడుతుందని మేడంను అడిగాను. తెలియదంది. ఈ ఏడు చలి తొందరగా మొదలైంది.